రివిజన్ గళ్లు

ప్రతి ఆదివారం పొద్దున్నే చెల్లెలు రెండు టైమ్‌టేబుళ్లు గీసేది. ఒకటి తనకి, ఒకటి అన్నయ్యకి. ఇద్దరూ రాసేది ఒకే ఫైనాన్స్ పరీక్ష. మూడు లెవెళ్లు, ఒకటి దాటితేనే ఇంకోటి. ఇద్దరూ రెండో లెవెల్ దగ్గరే ఆగారు. అన్నయ్య నాలుగుసార్లు తప్పాడు, ఆమె ఒక్కసారి. అయినా నాన్న ఏమన్నాడు? "వాడికి ఇంకో ఛాన్స్ ఇద్దాం. నువ్వు మాత్రం ఈసారి తప్పితే పుస్తకాలు కట్టేసి మన షాపులో కూర్చో."

డెరివేటివ్స్‌కి ఎర్ర గళ్లు, ఎథిక్స్‌కి పచ్చ గళ్లు. రివిజన్ గళ్లకి మాత్రం రంగు ఉండదు. చివర్లో ఏ సబ్జెక్టు మొండికేస్తుందో ఎవరికి తెలుసు? అందుకే వాటిలో ఏమీ రాసేది కాదు.

ఆ ఇంట్లో గంటలు కాగితం మీంచి ఊడివచ్చేవి. గోరుతో అంచు లేపితే చాలు, గడి చేతిలోకి వచ్చేసేది. తీసుకున్నవాళ్ల రోజు ఓ గంట పెరిగేది, పోగొట్టుకున్నవాళ్లది తరిగేది. అన్నయ్య టైమ్‌టేబుల్ అతని గదిలో, తలుపు వెనక భద్రంగా ఉండేది. ఆమెది హాల్లో, వచ్చేపోయేవాళ్ల చేతికి అందేలా.

"ఇది ఖాళీయేగా," అంటూ నాన్న ఒకటి లాగేవాడు. మేనత్త వస్తే రెండు. అన్నయ్య గుప్పెడు. ఆమె అయిదింటికి పుస్తకం తెరిస్తే, పేజీ తిప్పేలోపు ఏడయ్యేది. అతను కంటినిండా నిద్రపోయి లేచినా అతనికింకా తెల్లారేది కాదు.

"ముప్ఫై గంటలున్నా చాలట్లేదే," అని ఆవులించేవాడు.

వంటగది గోడ మీద అమ్మ టైమ్‌టేబుల్ కూడా ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు జిగురు మరకలే మిగిలాయి.

పరీక్షకి పదకొండు రోజులుందనగా ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి రివిజన్ గళ్లు ఒక్కటీ లేవు. అన్నయ్య సోఫాలో పడుకుని ఫోన్‌లో ఆట ఆడుతున్నాడు.

"నా రివిజన్ ఏది?"

"అందులో ఏమీ రాయలేదుగా. ఖాళీ అనుకున్నా."

"అడగాలన్న ఇంగితం కూడా లేదా?"

"మొదలైంది డిబేటు," నాన్న నవ్వాడు. "ఇంట్లోవాళ్లకేగా ఇచ్చావు, పోనీలే."

"నేనివ్వలేదు నాన్నా. మీరు తీసుకున్నారు. రెండూ ఒకటి కాదు."

ఆమె తిన్నగా అన్నయ్య గదిలోకి వెళ్లింది. తలుపు వెనక, తన చేత్తో తనే గీసిన గళ్లు. అంచు లేపింది. చర్రున ఊడింది. ఇంకోటి. ఇంకోటి.

"ఏయ్! అవి నావే!"

"ఏమీ రాయలేదుగా. ఖాళీ అనుకున్నా."

నాన్న లేవబోయాడు. ఈలోపు అమ్మ జిగురు గిన్నె తెచ్చి కూతురి పక్కన నిలబడింది. నాన్న కూర్చున్నాడు.

మర్నాడు అన్నయ్య బ్రష్ నోట్లో పెట్టుకుని తీసేసరికి సాయంత్రమైంది. అలా పదకొండు రోజులు. ఆమె డెరివేటివ్స్ రెండుసార్లు తిరగేసి, ఎథిక్స్ చదివి, ఇంకా టైముంటే మళ్లీ చదివింది.

ఫలితాల రోజు ఆమె పాస్. అతను అయిదోసారీ తప్పాడు.

"మరి షాపులో ఎవరు కూర్చుంటారు?" అన్నాడు నాన్న.

స్కేలు మీంచి తలెత్తకుండానే అంది: "అన్నయ్య ఖాళీయేగా."

ఈ ఆదివారమూ రెండు టైమ్‌టేబుళ్లే గీసింది. ఒకటి మూడో లెవెల్‌కి. రెండోది వంటగదిలో అతికించింది. గళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. పైన మాత్రం ఎర్ర ఇంకుతో రాసింది: ఇవి అమ్మవి. ఖాళీ కాదు.