మైకు గొట్టంలో నూకరత్నం గొంతు

నేను ఒక మైకు గొట్టాన్ని. అల్యూమినియం రేకును గుండ్రంగా చుట్టి, అంచు మడిచి, బూడిదరంగు పూసి నన్ను తయారుచేసిన మనిషి, రంగు ఆరగానే నా నోటి దగ్గరకు వంగి "ఏం, బాగున్నావా" అన్నాడు. నాతో మాట్లాడినవాడు ఆయనొక్కడే. తర్వాత వచ్చినవాళ్ళందరూ నాలోంచి మాట్లాడినవాళ్ళే.

కొన్నాళ్ళు పెళ్ళిళ్ళలో పాటలు పాడాను. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి ఓట్లడిగాను. రెండు పూటలా జనం చప్పట్లు కొట్టారు. చివరికి వెల్లంకిపురం పురపాలక సంఘం వాళ్ళు నన్ను కొని ఎర్రినాయుడి ఆటో మీద బిగించారు. లోపల కూర్చుని మైకు పట్టుకునేది నూకరత్నం.

నూకరత్నం తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. అయినా కాగితం చేతికిస్తే గడగడా చదివేస్తుంది. వాళ్ళ తాత ఆ ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. "సాటింపేసిన మాట ఎనక్కి తీసుకోడం రాజుకైనా కుదర్దనీవోడు మా తాత" అని ఆమె గొప్పగా చెప్పుకునేది.

"రాజులు పోనారు రత్నం. ఇప్పుడు కమిషనర్లు" అనేవాడు ఎర్రినాయుడు.

ఆమెకు ఏడాదిన్నర కూతురుంది, మోక్షిత. మేము వీధులు తిరిగినంతసేపూ ఆ పిల్ల మునిసిపల్ మైదానం మూలనున్న బాలవాడిలో ఉండేది. పెంకుల షెడ్డు, చుట్టూ తడికె, లోపల చీరల ఉయ్యాలలు. జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడవాళ్ళందరూ తమ పిల్లల్ని అక్కడే దింపి పోయేవారు. ఆటో అటు వెళ్ళినప్పుడల్లా నూకరత్నం స్విచ్చు కట్టేసి చెవులు రిక్కించేది. ఏడుపు వినబడితే ఎందుకేడుస్తోందోనని బెంగ. వినబడకపోతే అసలెలా ఉందోనని బెంగ. ఆ బెంగలోనే మళ్ళీ మైకందుకుని, దోమలు రాకుండా నీళ్ళు నిలవ ఉంచవద్దని ఊరికి చెప్పేది.

ఒకరోజు ఊరికి పెద్ద కబురొచ్చింది. ఒక కంపెనీ తన ప్రధాన కార్యాలయం కట్టుకోవడానికి చోటు వెతుకుతోందట. కౌన్సిల్ మాటలు జనం కూడా వినాలని నన్ను ఆఫీసు అరుగు మీద పెట్టారు. కంపెనీ తరఫున వచ్చినాయన చాలా తక్కువ మాట్లాడాడు. "పక్కనున్న తోటపేట మునిసిపాలిటీవాళ్ళు పదేళ్ళపాటు మమ్మల్ని పన్ను కట్టొద్దంటున్నారు" అని ఊరుకున్నాడు. మావాళ్ళు పదిహేనేళ్ళన్నారు. ఆయన మంచినీళ్ళు తాగాడు. నీళ్ళ పన్ను కూడా వద్దన్నారు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మైదానం కూడా తీసుకోమన్నారు. సంతలో కొనేవాడు నోరు విప్పకుండానే అమ్మేవాడు తన ధర తానే తగ్గించుకోవడం నేను అక్కడే చూశాను.

మైదానమంటే బాలవాడితో కలిపి. కొలతలవాళ్ళు టేపు పట్టుకుని వచ్చేసరికి తల్లులు పనులు మానుకుని వచ్చి షెడ్డు ముందు బైఠాయించారు. ఎవరు చెప్పినా లేవలేదు. అప్పుడు ఆఫీసువాళ్ళు నూకరత్నం చేతికి కాగితమిచ్చి పంపారు. బాలవాడిని బస్టాండు పక్క కొత్త భవనంలోకి మార్చిన తర్వాతే ఈ షెడ్డు తీస్తామని అందులో ఉంది. ఆమె దాన్ని నాలోంచి చదివింది.

ఆ తల్లుల్లోంచి అప్పలనర్స లేచి ఆటో దగ్గరకు వచ్చింది. జీడిపిక్కల జిగురుకు ఆమె వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"ఆల మాట నాను నమ్మను. నువ్వు సెప్పు రత్నం. నీ పిల్ల మీద ఒట్టేసి సెప్పు."

"పిల్ల మీద ఒట్టెందుకప్పా. ఊరందరికీ సాటింపేత్తన్నాను. అంతకన్నా ఒట్టేటుంటాది? నా గుంటని నానెక్కడ దింపుతాననుకున్నావు, అక్కడే గదా."

తల్లులు లేచిపోయారు. కాగితానికి లేవనివాళ్ళు నూకరత్నం గొంతుకు లేచారు.

మరుసటి వారమే షెడ్డు తీసేశారు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని బస్టాండు పక్కకు వెళితే, కొత్త భవనానికి కంపెనీ తాత్కాలిక కార్యాలయమని బోర్డు ఉంది. నూకరత్నం కమిషనర్ గది గుమ్మంలో నిలబడింది. "సాటింపేసీసినాం సారు" అని మాత్రం అనగలిగింది. "చూద్దాంలేమ్మా" అన్నాడాయన, ఫైలులోంచి తలెత్తకుండా.

ఆ తర్వాత తోటపేటవాళ్ళు మా పదిహేనేళ్ళ మీద ఇంకో ఐదేళ్ళు కలిపారు. కంపెనీ అక్కడికి వెళ్ళిపోయింది. మా మైదానానికి కంచె మిగిలింది. కంపెనీ కోసం వేసిన రోడ్డు ఖర్చుకని ఊళ్ళో ఇంటిపన్ను పెంచారు. ఆ సంగతి చెప్పడానికి మేము అప్పలనర్స వీధికే వెళ్ళాం. అప్పట్నుంచి మోక్షిత తల్లి ఒళ్ళోనే ఉండేది, దుమ్ములో, ఎండలో, నా కిందే.

అప్పలనర్స తిట్టలేదు. తన కొడుకును తెచ్చి ఆటోలో కూర్చోబెట్టింది.

"బాలవాడి మారుత్తామన్నావు గదా. ఇదేనేటి? అయితే ఈడినీ సూసుకో. నాకు ఫ్యాక్టరీకి టైమైపోతంది."

మర్నాటికి ఇంకో ఇద్దరు చేరారు. నూకరత్నం ఎవరినీ కాదనలేకపోయింది. ఎర్రినాయుడు "ఇది ఆటోవా, కోళ్ళ గంపా" అని గొణుక్కుంటూనే మెల్లగా నడిపాడు. పన్ను కట్టకపోతే కుళాయి కట్ చేస్తామన్న మాటతోపాటు నలుగురు పిల్లల ఏడుపు కూడా నాలోంచి వీధికెళ్ళింది. రేకును కదా, ఏది ఆఫీసు మాటో ఏది ఆకలో వేరుచేయడం నాకు రాదు.

ఆఫీసుకు ఫిర్యాదులు వెళ్ళాయి. ఒకరోజు ఆమెను తలుపులేసిన గదిలో కూర్చోబెట్టి, చాటింపంతా ఒక్కసారి చదివించుకుని ఫోన్లో రికార్డు చేసుకున్నారు. గొంతు బాగుందని మెచ్చుకున్నారు. రేపట్నుంచి రానక్కర్లేదన్నారు.

ఇప్పుడు ఆటోలో ఎర్రినాయుడొక్కడే. నాలోంచి నూకరత్నం గొంతు వస్తూనే ఉంటుంది. అలసట లేదు, మధ్యలో ఆగి చెవులు రిక్కించడం లేదు. నిన్న ఆమె వీధిలోకి వెళ్ళాం. ఆమె గుమ్మంలో కూర్చుని తల్లులు వదిలిపోయిన పిల్లలకు అన్నం కలుపుతోంది. ఆమె గొంతే ఆమెను ఇంటిపన్ను కట్టమంది. ఆమె తలెత్తలేదు.

మోక్షిత ఎత్తింది. గడప దిగి, తప్పటడుగులేసుకుంటూ ఆటో వెంట పడింది, నా వైపు చేతులు చాచి. వెనక నుంచి "మోచ్చితా, అమ్మని నానిక్కడున్నానే" అని నూకరత్నం ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి పిల్లను ఎత్తుకుంది. పిల్ల ఆ చేతుల్లోంచి జారిపోవాలని గింజుకుంటూ నన్నే చూస్తూ ఏడ్చింది.

వీధి మలుపు తిరిగాం. గడువులోగా పన్ను చెల్లించాలని నూకరత్నం గొంతు ఎంతో మర్యాదగా చెబుతూనే ఉంది.