ఆఖరి పేరు

మా గణితశాఖలో నన్ను గుండుసున్నా మాస్టారంటారు. మొహం మీద అనరు గానీ, మా తలుపులు పల్చనివి. జవాబు సరిగ్గా వచ్చినా పద్ధతి తప్పయితే నేను సున్నా వేస్తాను. పోనీ సగం మార్కులైనా వేయమని తల్లిదండ్రులు వచ్చి అడిగారు, ఒకసారి రిజిస్ట్రారుగారే ఫోను చేశారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయి జవాబు మీద పడ్డవాడికి మార్కులెందుకన్నది నా వాదన. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని విసుక్కుని ఆయన ఫోను పెట్టేశారు. కుందేలుకి నాలుగు కాళ్ళని నిరూపించమంటే మటుకు ఆయన వల్ల కాదు.

ఆఖరమ్మాయి నా శిష్యురాలు. ఇంటిపేరు ఇంగ్లీషు వై అక్షరంతో మొదలవుతుంది కాబట్టి హాజరు పిలిచేటప్పుడు ఎప్పుడూ చివరే. ఆ పేరలా అతుక్కుపోయింది. చదువుకునే రోజుల్లో ఆమెకూ ఓ సున్నా వేశాను. సున్నా పడ్డవాళ్ళు మామూలుగా నాతో దెబ్బలాడ్డానికి వస్తారు. ఈ పిల్ల వారం తర్వాత వచ్చి, సరైన పద్ధతిలో చేసిన లెక్క బల్ల మీద పెట్టి, "ఇప్పుడు చూడండి సార్" అంది. చూశాను. బాగుంది. సున్నా మాత్రం దిద్దలేదు, దిద్దమని ఆమే అడగలేదు. మా శాఖలో ఉండాల్సిన మనిషని ఆ రోజే అనుకున్నాను.

ఇప్పుడు ఆమె మా దగ్గరే తాత్కాలిక లెక్చరరు. తాత్కాలికంగా ఎంతకాలమైనా ఉండనివ్వరు. పర్మనెంటు చేయాలి, లేదా పంపేయాలి. పంపేస్తే వాళ్ళ బావగారి కోచింగ్ సెంటరు సిద్ధంగా ఉంది. అక్కడ ప్రశ్న చూసి అరనిమిషంలో జవాబుకి టిక్కు పెట్టడం నేర్పుతారు. ఎందుకని అడిగిన పిల్లల్ని క్లాసయ్యాక రమ్మంటారు, క్లాసు అయ్యేదీ లేదు. వాళ్ళమ్మకి ఈ ఏర్పాటు నచ్చింది. "అక్కడ ఏసీ ఉందండీ. మీ దగ్గరున్నది ఫ్యాను, అదీ మీ నెత్తి మీదే తిరుగుతుంది" అని నాతోనే అన్నారావిడ. ఆ మాటలో నాకు తప్పేమీ దొరకలేదు.

ఇక ఒప్పందం సంగతి. మా విశ్వవిద్యాలయానికీ, బాగా పేరున్న ఓ విదేశీ విశ్వవిద్యాలయానికీ మధ్య అది కుదిరింది. మాలో గణిత పరిశోధనా సామర్థ్యాన్ని పెంచడం దాని ఉద్దేశమని మా గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద చెక్కించారు. సామర్థ్యం ఎంత పెరిగిందో ఏడాదికోసారి నివేదిక పంపాలి. రిజిస్ట్రారుగారు కుర్చీల లెక్క పంపుతారు. అది నిజంగానే పెరిగింది.

కుర్చీలు కాక అసలైన మేలు కూడా జరిగింది. గోడకి ఓ పెద్ద తెర వచ్చింది, దాని మీద వారం వారం రెండు వైపులవాళ్ళం కలిసి సెమినారు పెట్టుకుంటాం. పొడుగాయన కూడా ఆ ఒప్పందంతోనే వచ్చాడు. ఆయన అక్కడి ప్రొఫెసరు, సెలవులన్నీ మా దగ్గరే గడుపుతాడు. వచ్చిన ప్రతిసారీ మా గుమ్మం ఆయన తలకి కొట్టుకుంటుంది, ఆయన గుమ్మానికి సారీ చెబుతాడు. ఆయనా ఆఖరమ్మాయీ నల్లబల్ల ముందు నిలబడి, ఒకరి చేతిలో సుద్దముక్క ఒకరు లాక్కుంటూ మూడు పరిశోధన పేపర్లు రాశారు. మూడింటిలోనూ అసలు ఊహ ఆమెదే. ఆ మాట నేననడం కాదు, ఆయనే అంటాడు.

గణితంలో మాకో ఆచారం ఉంది. పేపరు మీద పేర్లు అక్షరక్రమంలో వేసుకుంటాం. ఎవరెంత చేశారని అడగం. అడగడమంటే అన్నం పెట్టి ముద్దలు లెక్కపెట్టడం లాంటిది. పొడుగాయన ఇంటిపేరు ఇంగ్లీషు 'ఏ' అక్షరంతో మొదలవుతుంది. కాబట్టి మూడింటి మీదా ఆయన ముందు, ఆఖరమ్మాయి ఆఖర్న. పక్క భవనంలో కెమిస్ట్రీ వాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళ పేపరు మీద బస్సులో జనంలా పేర్లుంటాయి. అక్కడి ప్రొఫెసరుగారు తన పేరు ఎప్పుడూ అట్టడుగున వేసుకుంటారు. పాపం వినయం గల మనిషి అనుకునేవాణ్ణి.

ఒప్పందం వచ్చిన సంబరంలో మా పెద్దలు ఓ కొత్త నిబంధన పెట్టారు. పర్మనెంటు కావాలంటే విదేశీ భాగస్వామితో కలిసి రాసిన పేపరు ఒక్కటైనా ఉండాలి, అందులో మన మనిషి ప్రధాన రచయిత అయి ఉండాలి. కిందటేడు కమిటీ కూర్చున్నప్పుడు రిజిస్ట్రారుగారు మూడు పేపర్లూ తిరగేసి కళ్ళజోడు తీశారు. ఆయన అసలు చరిత్ర ప్రొఫెసరు.

"మీ అమ్మాయి పేరు అన్నిట్లోనూ రెండోదేనే. ప్రధాన రచయితంటే మొదటి పేరు కదండీ?"

"మాలో అక్షరక్రమం సార్."

"అంటే పని చేసినా చేయకపోయినా 'ఏ' అక్షరం వాడే ముందా?"

"అవును సార్."

"ఇదేం పద్ధతండీ?"

"ఎవరూ కొట్టుకోకుండా ఉండే పద్ధతి."

"మా చరిత్రవాళ్ళం రోజూ కొట్టుకుంటాం. పనులు జరగడం లేదూ?"

పొడుగాయన స్వయంగా వచ్చి చెప్పినా వినలేదు. కలిసి రాసినవాడి మాట సాక్ష్యానికి పనికిరాదట. చెవిటివాడి ముందు శంఖం ఊది బయటికొచ్చాను. ఆఖరి అవకాశమని ఆమెకి ఒక్క ఏడాది ఇచ్చారు.

తర్వాతి పేపరులో పేర్లు తిప్పేద్దామన్నాడు పొడుగాయన. ఆఖరమ్మాయి ఒప్పుకోలేదు. "వరస మారిస్తే ఎందుకు మార్చారా అని చూస్తారు సార్. ఆయనేమీ చేయలేదనుకుంటారు. నా ఉద్యోగం కోసం ఆయన్ని చిన్నబుచ్చనా?" అంది. నాకు ఒళ్ళు మండింది. మంచితనానికైనా ఓ హద్దుండాలి.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. ఆమె కన్నా వెనకాల అక్షరం ఉన్నవాణ్ణి పట్టుకుంటే అక్షరక్రమమూ చెడదు, ఆమే ముందుంటుంది. వై తర్వాత మిగిలింది ఒక్క జెడ్. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ విదేశీ గణితశాఖ పేర్ల వరస ముందేసుకుని, వేలు పెట్టి కింది నుంచి చదివాను. జెడ్ వాడు ఒక్కడే దొరికాడు. రిటైరై చాలాకాలమైందట, గౌరవానికి పేరు ఉంచారట. ఇప్పుడు టమాటాలు పండిస్తున్నాడట.

"ఆయన ఏ రంగంలో పనిచేసేవారు?" అని తెర మీద పొడుగాయన్ని అడిగాను.

"మనది కాదు."

"పరవాలేదు. మనకి పేరు చాలు."

"ఆయన్ని ఎవరైనా ఏదైనా అడిగి చాలాకాలమైంది. సంతోషిస్తారు" అన్నాడు పొడుగాయన. మా అంతర్జాతీయ సహకారం ఆ స్థాయికి చేరుకుంది.

ఆఖరమ్మాయి దగ్గర తనొక్కతే సాధించిన కొత్త ఫలితం ఒకటి సిద్ధంగా ఉంది. వలలాంటి బొమ్మలో ముడులకి రంగులు వేయాలి, పక్కపక్క ముడులకి ఒకే రంగు పడకూడదు, ఎన్ని రంగులుంటే చాలు అన్నది ప్రశ్న. చెప్పడానికి అంతే. దానికి జెడ్ గారి పేరు చేర్చమంటే నా వంక చూసింది.

"ఆయనేం చేశారు సార్?"

"ఆ ఇంటిపేరుతో పుట్టారు. చాలదా?"

"పని చేయనివాళ్ళ పేరు వేయను సార్."

"అయితే పని ఇవ్వు. చదివి బాగుందనమను."

అలా నిరూపణ మొత్తం జెడ్ గారికి పంపాం. తర్వాతి సెమినారులో తెర మీద ఓ గుండ్రటి మొహమూ, వెనకాల టమాటా మొక్కలూ కనబడ్డాయి.

"హాజరులో మీరు కూడా చివరేనా?" అని ఆయన ముందుగా ఆమెనడిగారు.

"ఎప్పుడూ చివరే సార్. బడిలో కొత్త పుస్తకాలు నా దాకా వచ్చేసరికి అయిపోయేవి. అట్టలేనివి ఇచ్చేవారు."

"నా దాకా వచ్చేసరికి గంట కొట్టేసేవారు. నేను బడికి రాలేదని మా ఇంటికి కబురెళ్ళేది. మా నాన్న కొట్టేవాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ముందు అక్షరాలవాళ్ళం ఊరుకున్నాం.

"ఒక చిన్న అనుమానం," అన్నారు జెడ్ గారు. "ఇక్కడ ఒక ముడికి ఒక పేరు పెట్టారు. కింద ఇంకో ముడికి ఇంకో పేరు పెట్టారు. ఆ రెండూ ఒకే ముడి అయితే?"

రెండు పేర్లు పెట్టినంత మాత్రాన రెండు వస్తువులున్నట్టు కాదని మొదటి సంవత్సరం పిల్లలకి నేనే చెబుతాను. ఈ సంగతి ఆమె చూడలేదు, పొడుగాయన చూడలేదు, చదివి బాగుందన్న నేనూ చూడలేదు. పేరు కోసం తెచ్చుకున్న మనిషి ప్రతి వాక్యమూ చదివారు. ఆ రెండు ముడులూ ఒకటైన చోట నిరూపణకి చిల్లు పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

చిల్లు పూడ్చడం మొదలుపెట్టాం. ఆ రోజుల్లో ఆమె ఇంట్లో అన్నం ముందు కూర్చుని కంచంలో ముడులు గీసేదట. "మీ చిల్లు పూడిందా అండీ?" అని వాళ్ళమ్మ నాకు ఫోను చేసేవారు. బావగారు ఆమె ఫోటోతో సెంటరు ముందు బోర్డు కట్టించేశారు. కమిటీ దగ్గరపడింది. ఒకరోజు తెర మీద జెడ్ గారు టమాటా మొక్కకి పుల్ల కడుతూ, "మనం మొదటి ముడి నుంచి వస్తున్నాం. ఆఖరి ముడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తే?" అన్నారు.

ఆఖరమ్మాయి సుద్దముక్క తీసుకుంది. చివరి నుంచి వస్తుంటే ఆ రెండు ముడులూ ఒకటైనా ఇబ్బంది లేదు. బల్ల నిండింది, తుడిచింది, మళ్ళీ నిండింది. సాయంత్రానికల్లా నిరూపణ నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది.

పంపే ముందు ఓసారి చూద్దామని పేపరు తీసుకున్నాను. మొదటి పేరు జెడ్ గారిది. రెండోది ఆమెది.

"ఇదేంటి?"

"వెనక నుంచి రావాలన్నది ఆయన ఊహ సార్. అది లేకపోతే పేపరే లేదు."

"అక్షరక్రమం?"

"తప్పించాను సార్."

"నువ్వేమీ చేయలేదనుకోరూ?"

"అనుకోనివ్వండి సార్. ఆయన బడికొచ్చినా రాలేదని రాసుకున్నారు. ఒక్కసారైనా ఆయన్ని ముందు పిలుద్దామని."

నేను అరిచాను. జెడ్ ని తెచ్చింది వెనక నిలబెట్టడానికి. ముందు నిలబెట్టేటట్టయితే 'ఏ' అక్షరం వాడు చేసిన పాపమేంటని అరిచాను. పొమ్మన్నాను, పోయి ఏసీలో కూర్చుని టిక్కులు పెట్టుకోమన్నాను. నా అరుపులు అయ్యేదాకా ఆమె నిలబడింది. తర్వాత వెళ్ళి పేపరు అలాగే పంపేసింది. పత్రికవాళ్ళు తీసుకున్నారు. జెడ్ గారు మొదటి పేజీ వాళ్ళావిడకి చూపించి, పేర్లు తారుమారయ్యాయి, అచ్చుతప్పేమో అన్నారట.

కమిటీ రోజు వైస్ చాన్సలరుగారు ఊళ్ళో లేరు. ఆయన బదులు కెమిస్ట్రీ ప్రొఫెసరుగారు పెద్ద కుర్చీలో కూర్చున్నారు. శాఖ తరఫున నేనో మూల కూర్చున్నాను. రిజిస్ట్రారుగారు నిట్టూర్చి, "మళ్ళీ అదే కథ. కొత్త పేపరులోనూ ఈ అమ్మాయి పేరు చివరే. అర్హత లేదు" అన్నారు.

కెమిస్ట్రీ ప్రొఫెసరుగారు పేపర్లు అందుకున్నారు. ఒక్కొక్కటే చూస్తూ కుర్చీలో ముందుకి జరిగారు.

"నాలుగింటిలోనూ చివరి పేరు ఈవిడదేనా?"

"అదేనండీ బాధ."

"బాధేంటండీ! చివరి పేరంటే ల్యాబుకి అధిపతి. పని పుట్టించేదీ, చేయించేదీ వాళ్ళే. మొదటి పేరు వాళ్ళ కింద పనిచేసే కుర్రాడిది. నా పేపర్లు చూడండి, నేనెప్పుడూ చివరే కదా?"

రిజిస్ట్రారుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "అంటే, ఆ పొడుగు ప్రొఫెసరు..."

"ఈవిడ కింద పనిచేశాడు. ఈ కొత్తాయనా అంతే. విదేశాలవాళ్ళని పెట్టుకుని పని చేయిస్తోంటే, ఈవిణ్ణి ఇంకా తాత్కాలికంగా కూర్చోబెట్టారా? సిగ్గుచేటండీ."

అసలు సంగతి నా నోటిదాకా వచ్చింది. మాకు ల్యాబే లేదు. మూడింటిలో ఉన్నది అక్షరక్రమం, నాలుగోదానిలో ఉన్నది ఒక పిల్ల మంచితనం. ప్రొఫెసరుగారి పద్ధతి మొదటి వాక్యం నుంచీ తప్పు. జవాబు మాత్రం నేను ఏడాదిగా నెత్తీ నోరూ బాదుకుంటున్నదే. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆమెని ముందుకి తేవడానికి నేను టమాటా తోట దాకా వెళ్ళాను.

"గణితశాఖ ఏమంటుంది?" అని పెద్ద కుర్చీలోంచి నన్నడిగారు.

"సంతోషం" అన్నాను.

ఆఖరమ్మాయి నా గదిలో కాచుకుని ఉంది. జరిగింది చెప్పాను. ఆమె మొహంలో సంతోషం వచ్చి, సగంలో ఆగిపోయింది.

"అక్షరక్రమమని మీరు చెప్పలేదా సార్?"

"కిందటేడు చెప్పాను కదమ్మా."

ఇంకో మాట లేకుండా లేచి కెమిస్ట్రీ భవనం వైపు వెళ్ళిపోయింది. నాకు భయమేసింది. పిలుద్దామనుకున్నాను, ఏమని పిలవను? ఆ పిల్లని అలా తయారుచేసింది నేనే. కిటికీలోంచి ఆ భవనం మెట్లు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి మెల్లగా దిగి వచ్చింది.

"మొత్తం చెప్పేశాను సార్. ఆ మూడూ అక్షరక్రమమనీ, నాలుగోది జెడ్ గారి ఊహ కాబట్టి ఆయన ముందనీ."

"ఏమన్నారు?"

"పెద్దవాళ్ళెప్పుడూ కిందివాళ్ళకే పేరిస్తారన్నారు. వినయం నాయకత్వ లక్షణమట. నా ఎదురుగానే ఉత్తర్వు మీద సంతకం పెట్టేశారు."

ఒప్పందంలో వచ్చిన కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. ఫ్యాను నా నెత్తి మీద తిరుగుతోంది.

"సార్, పరీక్షలో ఎవరైనా ఇలా రాస్తే? జవాబు సరైంది, పద్ధతి మొత్తం తప్పు."

"సున్నా."

"ఎవరికి?"

"నాకే. వేసేసుకున్నాను."

ఆమె నన్ను చూసి నవ్వింది. "దిద్దమని అడగరా సార్?"

"నువ్వడిగావా?" అన్నాను.