‘రా’ తెచ్చిన తంటా

మా లాబ్రడార్ కుక్కపిల్లకి టీకా వేస్తూ డాక్టరు ఒకే ఒక్క సలహా ఇచ్చాడు: "ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడండి. ‘రా’ అనగానే వస్తే బిస్కెట్ పెట్టండి." వారం తిరక్కుండానే అది నేర్చేసుకుంది. నా ఖర్మ అక్కణ్ణుంచే మొదలైంది.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మిషను కిందికి దూరుతుంటే "పోరా!" అని కసిరాను. తోకూపుకుంటూ ఒళ్లోకెక్కింది. ఎవరిదో జాకెట్టు నోట కరుచుకుంటే "వదలరా, ఛీ, వదలరా!" అని అరిచాను. జాకెట్టుతో సహా పరిగెత్తుకొచ్చి, బిస్కెట్ కోసం బుద్ధిగా కూర్చుంది.

"ప్రతి మాటకీ చివర ‘రా’ తగిలిస్తే అది రాక ఏం చేస్తుందమ్మాయ్?" అంది మా అత్తయ్య నవ్వాపుకుంటూ. "కాస్త మర్యాదగా చెప్పి చూడు."

ఇదొక్కటే తక్కువైంది నాకు! సాయంత్రం చూస్తే అది సోఫా మీద, మా ఆయన పక్కన, కాళ్లు బారజాపుకుని పడుకుంది. ఒళ్లు మండింది. అయినా పళ్లు బిగబట్టి, "సోఫా దిగండి!" అన్నాను.

మా ఆయన పేపరు పక్కన పడేసి గబుక్కున లేచి నిలబడ్డారు. ఖాళీ అయిన చోటులోకి కుక్క తీరిగ్గా జరిగింది.