టాకాలు లేని కాలరు

టీచరమ్మకి కోపం వస్తే కత్తెర బల్ల మీద పెట్టదు, పడేస్తుంది. ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో కత్తెర చేతికి అందలేదు కాబట్టి కళ్లజోడు పడేసింది.

"ఇరవయ్యారేళ్లు కుట్టుపని నేర్పినదాన్ని. నన్నిప్పుడు ఫ్యాక్టరీకెళ్లి కుట్టి చూపించమంటారా?"

ప్రిన్సిపాల్ మంచివాడే, పాపం. గొంతు పెంచడం చేతకాదు. "మిమ్మల్నొక్కరినే కాదమ్మా. వెల్డింగు మాస్టారూ వెళ్తున్నాడు, కరెంటు మాస్టారూ వెళ్తున్నాడు. ఇకమీదట బయట పనిచ్చేవాళ్లకి ఏం కావాలో అదే నేర్పాలిట. నేర్పేవాళ్లు ముందు పది రోజులు అక్కడ పనిచేసి, అక్కడి సూపర్‌వైజరు చేత పనికొస్తారని రాయించుకు రావాలి. లేకపోతే క్లాసు ఇంకొకరికిచ్చి, మిమ్మల్ని ఆఫీసులో కూర్చోబెడతారు."

ఆఫీసంటే పొద్దస్తమానం హాజరు పట్టీల్లో గీతలు గీసుకుంటూ కూర్చోవడం. టీచరమ్మ కళ్లజోడు మళ్లీ తీసి పెట్టుకుంది.

"ఇంకో మాట. మన పిల్లల మీద ఫ్యాక్టరీ నుంచి ఫిర్యాదు కూడా వచ్చింది. మిషన్ ముందు కూర్చోగానే సూదీ దారం అడుగుతున్నారట."

"అడగరా మరి! టాకాలు వెయ్యకుండా ఎవరు కుడతారండీ?"

టాకాలంటే మిషన్ కుట్టు పడేముందు గుడ్డ జరక్కుండా చేత్తో వేసే పొడుగాటి కుట్లు. పని అయ్యాక లాగి పారేస్తారు. టీచరమ్మ క్లాసులో టాకా వెయ్యనిదే ఎవరూ మిషన్ తొక్కడానికి వీల్లేదు. ఈ విషయంలో ఎవరు బతిమాలినా ససేమిరా.

ఇంటికెళ్లి మొగుడి దగ్గర గోలగోల చేసింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. అంతా విని, "నాకూ యాభయ్యో ఏట మళ్లీ పరీక్ష పెట్టారోయ్, కొత్త బస్సులొచ్చాయని. కొత్త గేర్లు పడక మొదటిరోజు గేటు గుద్దేశాను" అన్నాడు.

"ఇప్పుడా చెప్పేది!"

"అప్పుడు చెబితే నవ్వేదానివి."

టీచరమ్మ ఇప్పుడూ నవ్వింది.

సోమవారం ఫ్యాక్టరీకి వెళ్లింది. పొడుగాటి హాలు, వరసగా అరవై మిషన్లు. ఒకరు జేబు కుడితే కుట్టడం జేబే, ఒకరు చెయ్యి ఎక్కిస్తే ఎక్కించడం చెయ్యే. పూర్తి చొక్కా కుట్టేవాళ్లు ఒక్కరూ లేరు. టీచరమ్మకి కాలర్ల మిషన్ ఇచ్చారు. గంటకి నలభై చొక్కాలకి కాలరు ఎక్కించాలి.

"నమస్కారం టీచర్. గుర్తుపట్టారా?"

తలెత్తి చూసింది. నీలం కోటు, మెడలో టేపు, అదే పళ్లన్నీ కనపడే నవ్వు. లైను సూపర్‌వైజరట! ఈ పిల్ల రైలుబండి. ఆ పేరు పెట్టింది టీచరమ్మే, మిషన్ ఎక్కితే ఆగదని. పన్నెండేళ్ల కిందట ఆఖరి పరీక్షలో టాకాలు వెయ్యకుండా చొక్కా కుట్టేసింది. చొక్కాకి వంక పెట్టడానికి లేదు. అయినా పద్ధతి తప్పిందని ఫెయిల్ చేసి, ఏడాదిపాటు ఆపేసింది టీచరమ్మ.

ఇప్పుడు తన గతి ఈ పిల్ల చేతిలో ఉంది. నేల చీలితే బాగుండుననిపించింది.

మొదటిరోజు గంటకి పదకొండు. రెండోరోజు పద్నాలుగు. గుడ్డ చేతుల్లోంచి చేపలా జారిపోతోంది. కుట్టిన దాంట్లో సగం వంకర. పక్క మిషన్ అమ్మాయి జాలిగా చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక టీచరమ్మ ఓ ఘనకార్యం చేసింది. చేతిసంచిలోంచి సూదీ దారం తీసి, ముప్పై చొక్కాలకి కాలర్లు గబగబా టాకాలేసి దొంతర పెట్టేసింది. బెల్లు కొట్టాక ఇంకేముంది, గంటలో ముప్పై కాలర్లు! పక్కమ్మాయి నోరెళ్లబెట్టింది. టీచరమ్మ టీ కూడా రెండు కప్పులు తాగింది.

నాలుగింటికి చెకింగ్ బల్ల దగ్గర లైను ఆగిపోయింది. నీలం చొక్కాల మెడల్లోంచి తెల్లదారాలు వేలాడుతున్నాయి. తొందరలో టాకాలు సగం లాగి, సగం మరిచిపోయింది. కొన్ని దారాలు మిషన్ కుట్టులో ఇరుక్కుని లాగితే రావడం లేదు. ఫ్యాక్టరీ మొత్తం మీద టాకాలు వేసే మనిషి ఎవరో ఎవరూ అడగాల్సిన పని లేదు.

రైలుబండి వచ్చింది. ముప్పై చొక్కాలూ తెచ్చి ముందు పెట్టి, "విప్పేద్దాం టీచర్" అని తనూ పక్కన కూర్చుంది.

తిట్టినా బాగుండేది. ఇద్దరూ నాలుగైదు చొక్కాలు విప్పారు. చివరికి టీచరమ్మే అంది. "నిన్ను ఆ ఏడాది ఆపడం తప్పేనే. అప్పుడే తెలుసు నాకు. చొక్కా చూశాను కదా. నా మాట వినలేదన్న ఉక్రోషం."

"చాలా ఏడ్చాను టీచర్, అబద్ధమెందుకు. రెండు రోజులు అన్నం కూడా తినలేదు." కాస్త ఆగి మళ్లీ అంది. "కానీ చూడండి మన చేతులు. ఒక్క గుడ్డా చిరగలేదు. ఇక్కడికి వచ్చేవాళ్లకి కుట్టడం వచ్చు, విప్పడం రాదు. లాగి చింపేస్తారు. వంకరపోయిన ప్రతి కుట్టూ మీరు విప్పించినట్టు ఎవరూ విప్పించరు."

టీచరమ్మకి కళ్లు చెమర్చాయి. దారం కనిపించడం లేదని వంక పెట్టి కళ్లజోడు తుడుచుకుంది.

"సరే, టాకా లేకుండా గుడ్డ ఎలా ఆగుతుందో చూపించవే."

రైలుబండి చూపించింది. కాలరుకీ మెడకీ అంచున చిన్న గాట్లు ఉంటాయి. గాటుకి గాటు కలిపి, అక్కడిదాకా కుట్టి ఆగి, తరవాతి గాటు కలపాలి. పని చెయ్యాల్సింది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి ఊరికే తోడుండాలి. "అంతేనా!" అంది టీచరమ్మ. అంతే కాదని తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. వేళ్లు పాత అలవాటు కొద్దీ సూది కోసం తడుముకునేవి. తలప్రాణం తోకకొచ్చింది. ఆరోరోజుకి ఇరవై రెండు. ఎనిమిదోరోజుకి ముప్పై. ఇంటికెళ్లి భోజనాల బల్ల మీద చేతి రుమాళ్లు పరిచి మొగుడికి గాట్లు చూపించడం మొదలుపెట్టింది. ఆయన బుద్ధిగా చూశాడు.

పదోరోజు ముప్పై ఆరు. నలభై కాలేదు.

సాయంత్రం రైలుబండి కవరు అంటించి చేతికిచ్చింది. టీచరమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "ఏం రాశావే?"

"మీరు మా మార్కులు ముందే చెప్పేవారా టీచర్?"

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ కవరు చింపాడు. టీచరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఆఫీసులో తనకి ఏ బల్ల ఇస్తారో, కిటికీ పక్కన ఖాళీ ఉందో లేదో కూడా ఆలోచించి పెట్టుకుంది.

ఆయన చదివాడు. "గంటకి ముప్పై ఆరు. వేగం ఇంకా రావాలి. మూడోరోజు తప్పు చేసింది, తనే కూర్చుని విప్పింది, మళ్లీ చెయ్యలేదు. చెబితే వింటుంది. నేర్పితే నేర్చుకుంటుంది. మాకు కావలసింది ఇలాంటివాళ్లే. కొత్త కోర్సులో టాకాలు తీసెయ్యండి, విప్పడం ఉంచండి, ఈ టీచర్నీ ఉంచండి."

"క్లాసు మీదేనమ్మా" అన్నాడు కాగితం మడుస్తూ.

టీచరమ్మ లేవలేదు. ఇరవయ్యారేళ్లలో కొన్ని వందలమంది గురించి ఆ ముక్క తను రాసింది. తన గురించి ఎవరూ ఎప్పుడూ రాయలేదు.

"ఆ 'నేర్పితే నేర్చుకుంటుంది' అన్నది ఇంకోసారి చదవండి" అంది.