మలుపు దగ్గర నా ఊపిరి

లిస్టులోంచి ధరణి పేరు కొట్టేయడానికి మార్లీన్ ఎర్ర పెన్ను మూత తీసింది. లంచ్ రూమ్‌లో అరవై మందిమి ఉన్నాం. ఒక్కరూ తినడం లేదు.

"మన పని గుట్టు నేనియ్యలేదక్కా," అంది ధరణి నా వైపు చూసి, తెలుగులో. "మా అమ్మ మీద ఒట్టు. నువ్వన్నా చెప్పు."

ఎటోబికోలోని మా ఫ్యాక్టరీలో కార్ల సీట్లకి తోలు కవర్లు కుడతాం. ఏప్రిల్‌లో మూసేస్తున్నారు. టారిఫ్‌ల వల్ల అని మేనేజర్ చెప్పాడు, వానల వల్ల పంట పోయిందన్నంత మామూలుగా. ఓక్‌విల్‌లో ఇంకో సీట్ల కంపెనీ మాలో ఇరవై మందిని తీసుకుంటానంది. ఆ ఇరవై పేర్లు రాయాల్సింది మా యూనియన్. ధరణిది పదకొండో పేరు. నిజామాబాద్ నుంచి చదువుకోడానికి వచ్చి, ఇక్కడ మా వరస పని చూసే లైన్ లీడ్ అయిన పిల్ల. వర్క్ పర్మిట్ జూన్ దాకానే ఉంది. ఈ ఉద్యోగం లేకపోతే ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ లేదు, పీఆర్ లేకపోతే ఈ దేశం లేదు. నాది ఇరవై ఒకటో పేరు.

పొద్దున ఆఫీసు ప్రింటర్ మీద ఎవరో మర్చిపోయిన ముప్ఫై పేజీలు క్లీనింగ్ ఆవిడ చేతికి దొరికాయి. ఎవరు రాశారో వాటి మీద లేదు. మా యూనియన్ నాయకురాలు మార్లీన్ వాటిని గట్టిగా చదివింది. మా కుట్టుపనిలో ఉన్న నైపుణ్యమంతా కంపెనీ ఆస్తి అట. ఆ ఆస్తిని ఎక్కడో సముద్రంలో, పన్నులు లేని ఒక దీవిలో ఉన్న కంపెనీకి రాసిచ్చేశారట. ఇకమీదట కుట్టేది వియత్నాంలో. కుట్టే తెలివి మాత్రం దీవిది. అందుకని లాభమూ దీవిదే. ఇక్కడ మిగిలేది గేటుకి తాళం.

తెలివి ఎలా ఉంటుందో కూడా రాశారు, కొన్ని మిషన్లకి ఒక్కో పేజీ చొప్పున.

"పద్నాలుగో మిషన్," అని చదివింది మార్లీన్. "ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని బయటికొచ్చే అంచు. మలుపు దగ్గర రూల్ ప్రకారం ఎనిమిది కుట్లు కాదు, ఏడు కుట్లకే పెడల్ మీద కాలు తేలిక చేయాలి. ఆ ఏడు కుట్లూ ఆపరేటర్ ఊపిరి బిగబట్టాలి. భుజం కదలదు."

పద్నాలుగో మిషన్ నాది.

ఆ తర్వాత ఆమె చదివింది నాకు సరిగ్గా వినపడలేదు. కిటికీ అవతల మంచు గాల్లో ఆగిపోయినట్టు, కిందికి రావాలో వద్దో తేల్చుకోనట్టు వేలాడుతోంది. ఎయిర్‌పోర్టులో దిగబోతున్న విమానం పొట్ట మా కప్పుని రాసుకుంటూ పోయింది. నాకు ఆ దీవి కనిపించింది. తెల్లటి ఇసుక, మనిషన్నవాడు లేడు, నీలం నీళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఆ ఇసుక మీద నా చేతులు రెండూ నడుస్తున్నాయి. మణికట్టు దాకానే ఉన్నాయి, మిగతా నేను లేను. ఎండలో హాయిగా ఉన్నాయి. నేను పిలిచినా వెనక్కి తిరగలేదు.

"పోయిన అక్టోబర్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని మన వెనకాల తిరిగిందెవరు? ఈ పిల్లే," అంది జానకమ్మ. గుంటూరు మనిషి, ఇక్కడ అందరికంటే సీనియర్. "నవ్వుతూ నవ్వుతూ చేతులు కోసుకుపోయింది."

ధరణి టైము రాసుకున్న మాట నిజమే. లైన్ లీడ్ పని అది. కానీ స్టాప్‌వాచ్‌కి ఊపిరి కనిపించదు. పదకొండేళ్ళుగా అరవై మిషన్ల చప్పుడులో నేను ఎక్కడ ఊపిరి ఆపుతానో పక్క మిషన్ మీద కూర్చునే జానకమ్మకే తెలియదు. ఒక్కరికే చెప్పాను.

మా ఇంట్లో నా పనికి పేరు లేదు. మా అత్తగారు భ్రమరాంబగారు ఇక్కడికి వచ్చిన మొదటి వారమే చెప్పారు: "ఎవరడిగినా ఆటో కంపెనీలో క్వాలిటీ అను. కుట్టుపని అంటే మనవాళ్ళలో చిన్నతనం." పార్టీల్లో ఆయన "తను ఆటోమోటివ్‌లో ఉంది" అని నవ్వి మాట మార్చేవారు. ఆయన ఇక్కడ అకౌంటెంట్ అవడానికి సీపీఏ చదివిన నాలుగేళ్ళూ ఇల్లు నడిచింది నా మిషన్ మీద. ఇప్పుడు కంపెనీలకి పన్ను సలహాలిచ్చే ఆఫీసులో పని ఆయనది. షిఫ్ట్ దిగి వచ్చి వంట, ఆయన చొక్కాల ఇస్త్రీ, అత్తగారి కాళ్ళకి తైలం. ఎప్పుడైనా నడుం పట్టుకుని వాలితే, "కూర్చుని చేసే పనేగా వైదేహీ, అలసట దేనికి?" అనేవారు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నట్టు ఉండేది ఆ గొంతు. అందుకే కోపం కూడా వచ్చేది కాదు.

అలాంటి మనిషి పోయిన అక్టోబర్‌లో ఒక ఆదివారం, పెసరట్లు తిని చేయి కడుక్కుని, "అసలు నువ్వు ఆ మిషన్ దగ్గర ఏం చేస్తావు?" అని అడిగారు. ముందు ఎగతాళేమో అనుకున్నాను. కాదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను వంటింటి తువ్వాలు తోలనుకోమన్నాను. నా చెప్పు పెడల్ అనుకోమన్నాను. మలుపు ఎలా వస్తుందో, అక్కడ దారం ఎక్కువ బిగిస్తే ప్రమాదంలో బ్యాగ్ ఎందుకు తెరుచుకోదో, తెరుచుకోకపోతే ఎవరి పిల్లాడి తల ఎక్కడ కొట్టుకుంటుందో, అందుకే నాకు ఆ ఏడు కుట్లూ ఎందుకు ఊపిరాడదో చెప్పాను. ఆయన నా చేతుల వంక చూస్తున్నారు. "ఇంకా చెప్పు," అన్నారు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆ రెండు మాటలూ ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి రాలేదు. నాలుగు ఆదివారాలు చెప్పాను. నా మిషన్ అయిపోతే పక్క మిషన్లు చెప్పాను, ఆయన ఎక్కడ వినడం ఆపేస్తారో అని భయపడుతూ. ఒళ్ళో లాప్‌టాప్ ఉండేది. ఆఫీసు మెయిల్స్ అనుకున్నాను. సోమవారం బస్సులో కూర్చుని కొత్తగా పెళ్ళైన దానిలా నాలో నేను నవ్వుకున్నాను.

మార్లీన్‌ని ఐదు నిమిషాలు ఆగమని లాకర్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశాను.

"ఏమండీ, మా ఫ్యాక్టరీ మీద ముప్ఫై పేజీలు రాసింది మీరేనా?"

"నువ్వెక్కడ చూశావు?" అన్నారు.

అంతే. అయిపోయింది.

"చూడు వైదేహీ, ఇందులో నేరం ఏమీ లేదు. పాలసీ అది. పన్ను ఎక్కడ లేకపోతే లాభం అక్కడికి పోతుంది, నీళ్ళు పల్లానికి పోయినట్టు. నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు."

"ఇంకొకరికి నేను చెప్పేదాన్ని కాదు."

"సెంటిమెంట్ వద్దు."

"ఇక్కడ ధరణి అనే పిల్ల మీద పెడుతున్నారు. లిస్టులోంచి తీసేస్తున్నారు."

"ఆ అమ్మాయెవరో మనకెందుకు? విను. క్లయింట్ ఫ్యాక్టరీలో నా భార్య పనిచేస్తోందని నేను ఆఫీసులో చెప్పలేదు. చెప్పకపోవడం తప్పు. బయటపడితే నా లైసెన్స్ పోతుంది, ఇల్లు పోతుంది. నువ్వు ఊరుకో చాలు." గొంతు మెత్తబడింది, ఆదివారాల్లోలాగా. "ఊరుకోవడం నీకు బాగా వచ్చుగా."

ఫోన్ పెట్టేశాక లాకర్ల మధ్య నిలబడ్డాను. ఇనుప తలుపుల మీద మసకగా నేను, ఒక్కో తలుపులో కొంచెం కొంచెం. నాకు కోపం కాదు, నిద్రలోంచి ఎవరో మెల్లగా లేపుతున్నట్టు ఉంది. నా వంట తిన్నప్పుడు, నా జీతంతో చదువుకున్నప్పుడు, అది ప్రేమ అనుకుని ఇచ్చాను. నాలుగు ఆదివారాలు కూడా అలాగే ఇచ్చాను. తీసుకుంటున్నారని తెలిస్తే ఇవ్వనని కాదు. అడిగి ఉంటే బాగుండేది, అంతే. పైగా ధరణి నాకేమీ ఇవ్వలేదు, నా దగ్గరేమీ తీసుకోలేదు. ఆ పిల్ల పోతే ఆ ఖాళీలోకి నడిచి వెళ్ళేది నేనే.

తిరిగి వెళ్ళేసరికి "చేతులెత్తండి," అంటోంది మార్లీన్. చేతులు నీళ్ళలోంచి లేచినట్టు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి.

"ఎత్తవే పిచ్చిదానా," అంది జానకమ్మ. "ఆ పేరు పోతే వచ్చేది నీ పేరే."

నేను ఎత్తలేదు. నిలబడ్డాను.

"ధరణి కాదు," అన్నాను. "చెప్పింది నేను. ఇంట్లో చెప్పాను. నాకు తెలియకుండా రాసుకున్నారు."

గది మొత్తం నా వైపు తిరిగింది. ధరణి కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయింది.

"రాసుకున్న మనిషికి పేరుందా?" అంది మార్లీన్.

జానకమ్మ నా మోచేయి పట్టుకుంది. "నోరు మూసుకో. మావారు అను, చాలు. మొగుడి పేరు ఇంతమందిలో చెప్తారా ఎవరైనా?"

మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని పెళ్ళైన కొత్తలో మా అత్తగారన్నారు. అప్పుడు నవ్వుకున్నాను గానీ నోరు మాత్రం ఆ మాటే విన్నది. ఏమండీ. మావారు. ఆయన. మై హజ్బెండ్. ఇమిగ్రేషన్ ఫారాల మీద పెద్దక్షరాల్లో ఎన్నిసార్లు రాశానో! నోటితో ఒక్కసారీ అనలేదు. ఈ అరవై మందిలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. టారిఫ్ అన్నారు, దీవి అన్నారు, పాలసీ అన్నారు, నీళ్ళన్నారు, పల్లమన్నారు. ఇంతసేపట్లో ఒక్క మనిషి పేరు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు, ధరణి పేరు తప్ప.

మార్లీన్ పెన్ను కాగితానికి వేలెడు పైన ఆగి ఉంది.

"ఉంది," అన్నాను. "గోపీకృష్ణ. నా భర్త."