తూర్పు టైము మూడు గంటలు

ఆ ఏడు మా కెనడా సస్కాచెవాన్‌లో చలి ఎలా ఉందంటే, మా ఊరి జనం వెచ్చగా ఉంటుందని ఐసు రింకులోకి వచ్చి కూర్చునేవారు. వాళ్ళంతా మా బ్యాడ్జర్స్ జట్టు హాకీ చూడ్డానికే వస్తున్నారని మేనేజరు ఓరెస్ట్ మురిసిపోయేవాడు. చూడ్డానికి అక్కడేముంది? గోలు కాయాల్సిన మా గోలీ కాళ్ళ సందులోంచి గోధుమల లారీ వెళ్ళినా వాడికి తెలిసేది కాదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ జట్టు స్కేట్లకు సాన పట్టేది నేనే. చదువు రాదు గానీ, బ్లేడు అంచు మీద వేలు ఆనిస్తే ఆ మనిషి ఐసు మీద ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పేస్తాను.

మార్చిలో ఓ సోమవారం పొద్దున్నే ఓరెస్ట్ నా గదిలోకొచ్చి, బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. అంటారియోలో ఓ జట్టు మంచి గోలీని ఇస్తానందట. బదులుగా మా ఫార్వర్డ్‌లలో ఒకణ్ణి అడుగుతోంది. రీస్ లాచాన్స్ అయినా సరే, గార్నెట్ టోలఫ్సన్ అయినా సరే. ఎవర్ని ఇస్తామో ఇవాళ తూర్పు టైము, అంటే అంటారియో గడియారం ప్రకారం, మధ్యాహ్నం మూడు గంటల్లోగా లీగ్ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాలి. అది దాటితే ఈ సీజన్‌కి మార్పిళ్ళు బంద్.

రీస్‌కి ఇరవై మూడేళ్ళు, ముప్పై ఒక్క గోల్సు. గార్నెట్‌కి ముప్పై నాలుగేళ్ళు, తొమ్మిది గోల్సు. గార్నెట్‌ని ఇప్పటికే ఎనిమిది జట్లు అటూ ఇటూ మార్చుకున్నాయి. ఈల వేస్తే చాలు, అతని సూట్‌కేసు కుక్కపిల్లలా తనే వెళ్ళి బస్సెక్కేది. కూతురికి ఇది అయిదో బడి. అలాంటి మనిషి పోయిన నెల నా దగ్గర సుత్తి అడిగి పట్టుకెళ్ళాడు. ఫొటోలు తగిలించుకోవడానికి గోడకు మేకులు కొడతాడట, పదకొండేళ్ళ కాపురంలో మొదటిసారి. సుత్తి తిరిగిస్తూ, "ఇక నన్ను పంపాలంటే గోడతో సహా పంపాలి పెద్దాయనా" అన్నాడు. నవ్వాడు గానీ, అది బాగా అలిసిపోయినవాడి నవ్వు.

ఓరెస్ట్ పొద్దుటినుంచీ ఆ ఇద్దర్నీ తూస్తూనే ఉన్నాడు. కాగితాలు అయిపోతే పిజ్జా డబ్బా మూత మీద రాశాడు. రీస్‌ని ఇచ్చేస్తే గోల్సు కొట్టేవాడు ఎవడు? గార్నెట్‌ని ఇచ్చేస్తే మూలల్లోకి దూరి, మోచేతి దెబ్బలు తిని, పక్ బిళ్ళని బయటికి లాక్కొచ్చేవాడు ఎవడు? ఒక పేరు రాసి కొట్టేశాడు, రెండోది రాసి అదీ కొట్టేశాడు. మధ్యాహ్నానికి మూత చిరిగిపోయింది.

"నువ్వు చెప్పరా. ఎవడి విలువ ఎక్కువ?"

రెండు జతల స్కేట్లూ వాడి ముందు పెట్టాను. రీస్ బ్లేడ్లు నేను పట్టిన సాన పట్టినట్టే ఉన్నాయి. గార్నెట్ బ్లేడ్ల లోపలి అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి.

"ఒకడు జారతాడు, ఒకడు దున్నుతాడు" అన్నాను.

"దున్నేవాడికి ముప్పై నాలుగేళ్ళురా. కుర్రాణ్ణి ఇచ్చేస్తే ఊళ్ళోవాళ్ళు నన్ను ఈ ఐసు కిందే పాతేస్తారు."

"ఈ చలిలో అంత లోతు తవ్వే ఓపిక ఎవడికుందిలే."

వాడు నవ్వలేదు. కళ్ళు నులుముకుని, గార్నెట్‌నే ఇచ్చేద్దామన్నాడు. అయినా చెయ్యి ఫోను మీదికి పోవడం లేదు. తూర్పున మూడంటే మనకు రెండు కదా, ఇంకా టైముంది, మరోసారి చూసుకుంటానన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ముందురోజు ఆదివారం, అదే అంటారియోలోని టొరంటో నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, గడియారాలు గంట ముందుకు తిప్పారని, తన గంట నిద్ర ఎవరో దొంగిలించారని సణిగింది. సాయంత్రం వెలుగు కలిసొస్తుందని ఏటా మార్చిలో తూర్పువాళ్ళు అలా తిప్పుకుంటారు, మా సస్కాచెవాన్‌లో మేం తిప్పం. అంటే ఇవాళ్టినుంచి తూర్పున మూడంటే మాకు ఒంటిగంటే. గోడ మీద గడియారం పావు తక్కువ ఒంటిగంట చూపిస్తోంది.

చెబుదామని నోరు తెరిచాను. అంతలో గార్నెట్ గుమ్మంలోకొచ్చాడు. పిజ్జా మూత చూశాడు, ఓరెస్ట్ ముఖం చూశాడు. ఎనిమిది జట్లు మారినవాడికి ఇంకేం చెప్పాలి?

"బ్యాగు సర్దుకోమంటారా పెద్దాయనా, స్కేట్లకు సాన పడతారా?"

ఓరెస్ట్ తల వంచుకున్నాడు.

"సాన పడుతున్నా. కూర్చో" అని మిషను ఆన్ చేశాను. ఆ రొదలో ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఒక జతకి అంతసేపు నా జన్మలో పట్టలేదు. ఇంకాస్త పట్టి ఉంటే ఆ బ్లేడ్లతో గాలిని కూడా ముక్కలు కోసుకోవచ్చు. మిషను ఆపేసరికి ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. గార్నెట్ స్కేట్లు అందుకుని, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

పావు తక్కువ రెండింటికి ఓరెస్ట్ ఫోన్ చేశాడు. అక్కడ పావు తక్కువ నాలుగైందని, గడువు ఎప్పుడో దాటిందని ఓ అమ్మాయి విసుగ్గా చెప్పింది. ఓరెస్ట్ చాలాసేపు గోడ గడియారాన్ని చూసి, తర్వాత నన్ను చూశాడు.

"నీకు తెలుసా?"

"నాకు చదువెక్కడుందిరా."

వాడు నన్ను మూడో తరగతి నుంచీ ఎరిగినవాడే. చిరిగిన మూత చెత్తబుట్టలో పడేసి, బకెట్ మీదే గోడకు జారబడి కళ్ళు మూసుకున్నాడు. తిట్టే ఓపిక కూడా లేదు వాడికి.

గోలీ రాలేదు. మిగిలిన ఆటలన్నీ ఓడిపోయాం. లారీ వెళ్ళిన దారినే గూడ్సు రైలు కూడా వెళ్ళింది.

ఏప్రిల్లో గార్నెట్ మళ్ళీ సుత్తి కోసం వచ్చాడు. మేకులు పీకడానికేమో అనుకున్నాను. కాదట, ఇంకో ఫొటో ఉందట.

"నీ దగ్గరే ఉంచుకో" అన్నాను. "మాటిమాటికీ లేచి తీసివ్వలేను."