హవా ఆంటీ నిలబడ్డ ఆరేళ్లు

ప్రసవమై ఇరవై రోజులు దాటినా జెమీమా ఒక్కసారి కూడా సోఫాలో కూర్చోలేదు. ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో వాళ్లుండే అద్దింట్లో పాపకు పాలివ్వడానికి అంతకన్నా సుఖమైన చోటు లేదు. ఆమె మాత్రం వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, దాని మీద తువ్వాలు మడతపెట్టుకుని కూర్చునేది.

కారణం ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు నొప్పులు పడ్డాక, చివరికి పటకారులాంటి పరికరంతో బిడ్డను బయటికి లాగారు. ఇంటికొచ్చిన నాలుగో రోజు నుంచి ఆమె ప్రమేయం లేకుండానే ఒంటేలు కారిపోతోంది. తుమ్మితేనో దగ్గితేనో కాదు, ఊరికే కూర్చున్నా, పడుకున్నా. మెషీన్‌లో వేస్తే ఇన్ని దుప్పట్లేమిటని అడుగుతారని స్నానాల తొట్టిలో చేత్తోనే ఉతికి గదిలోని హీటరు మీద ఆరేసుకునేది. భర్త విక్టర్ వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే కేరర్. అక్కణ్ణుంచి కరోనా మోసుకొస్తానేమోనన్న భయంతో చిన్న గదిలో వేరుగా పడుకుంటున్నాడు. అతనికీ తెలియలేదు.

జెమీమా పదో తరగతితో చదువాగిపోయిన పిల్ల. కరోనా వల్ల నర్సు ఇంటికి రాకుండా ఫోన్లోనే మంచీచెడూ అడిగేది. జెమీమాకు ఆ ప్రశ్నల్లో సగమే అర్థమయ్యేవి, అర్థమైన సగానికీ బాగానే ఉన్నానన్నట్టు ఇక్కడి వాళ్లలాగే "గ్రాండ్, గ్రాండ్" అనేది. గుంటూరు నుంచి తల్లి లీలారాణి వీడియో కాల్లో పథ్యం చెప్పేది. "బాలింతవి, నీళ్లు గుక్కెడే తాగవే. పొట్టొచ్చేస్తది."

ఆ మాట జెమీమాకు మందులా దొరికింది. నీళ్లు తగ్గిస్తే కారడమూ తగ్గుతుందనుకుని రోజుకు ఒక్క గ్లాసుతో సరిపెట్టుకుంది. కారడం తగ్గలేదు. మంట మొదలైంది, వాసన పెరిగింది, పాలు తగ్గిపోయాయి. విక్టర్‌కు తెలిస్తే ఏవగించుకుని పుట్టింటికి పంపేస్తాడేమోనన్న భయం ఒక్కటే రోజురోజుకూ పెరుగుతూ వచ్చింది.

ఆ ఇంటి కింది గదిలో హవా ఆంటీ అద్దెకుండేది. ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. విక్టర్‌తోపాటే పని. కరోనా ముమ్మరంగా ఉన్న రోజుల్లో సగంమంది సిబ్బంది మంచాన పడితే, పిల్లలు లోపలికి రాలేని ముసలివాళ్ల చేతులు పట్టుకుని చివరిదాకా కూర్చున్నది ఆమేనని విక్టర్ ఎప్పుడూ చెప్పేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మాస్కు పెట్టుకుని వచ్చి, బల్ల మీద నిండు నీళ్ల జగ్గు పెట్టి, వెనక్కి జరిగి పెరటి గుమ్మంలో కూర్చుంది. తనకొచ్చిన ఇంగ్లీషులో, జెమీమాకు అందేలా నెమ్మదిగా అంది.

"తాగు సిస్టర్. నువ్వు సోఫాలో కూర్చోవు. నేనూ ఆరేళ్లు మెత్తటి చోట కూర్చోలేదు."

హవా ఆంటీ తన కథ చెప్పుకుపోయింది. పదహారేళ్లకు కాన్పు. మూడు పగళ్లూ మూడు రాత్రులూ నొప్పులు. ఆసుపత్రి దారి వానకు తెగింది. తెగకపోయినా భర్త ఊళ్లో లేడు, అతను సరేనంటేగానీ కదలనివ్వరు. బిడ్డ తల ఎముకల మధ్య ఇరుక్కుని లోపలి కండను నొక్కేసింది. రక్తం అందక ఆ కండ చచ్చి మూత్రసంచికి చిల్లు పడింది. బిడ్డ చచ్చి పుట్టాడు. భర్త పంపేశాడు. ఊరు శాపమంది. తల్లి మాత్రం వంటపాక వెనక చోటిచ్చింది. హవా కూడా నీళ్లు మానేసింది, తొడలు పుండ్లయ్యాయి తప్ప కారేది ఆగలేదు. ఆరేళ్లకు, ఇది బాగుచేస్తారని రేడియోలో విని, వాసనకు ఏ లారీవాళ్లూ ఎక్కించుకోక, రెండు రోజులు నడిచి ఆసుపత్రికి చేరింది. మొదటి ఆపరేషన్ నిలవలేదు. రెండోది నిలిచింది.

బాగయ్యాక ఆమె ఇంట్లో కూర్చోలేదు. ఊరూరూ తిరిగింది. ఏ పెళ్లిలోనైనా, ఏ బావి దగ్గరైనా జనానికి దూరంగా నిలబడ్డ ఆడమనిషి ఎవరా అని చూసింది. అలా పదకొండు మందిని వెంటబెట్టుకుని అదే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"సిగ్గనిపించలేదా ఆంటీ, అందరికీ చెప్పుకోడానికి?"

"బోలెడు ఉండేది. మొదటి ఊళ్లోనే అంతా అయిపోయింది."

ఇన్నాళ్లూ జెమీమా ఆమెను తన గిన్నెలు కడిగిపెట్టే ఆంటీ అనే అనుకుంది. చివరికి తన భయం బయటపెట్టింది.

"విక్టర్ వదిలేస్తే?"

"పొద్దస్తమానం ముసలాళ్ల డైపర్లు మార్చి వచ్చి అన్నం తినే పిల్లోడు. నీ నీళ్లకు పారిపోతాడా?"

డాక్టరుకు నువ్వే చెప్పు ఆంటీ, నాకు ఇంగ్లీషు రాదని జెమీమా బతిమాలింది. హవా ఆంటీ ఒప్పుకోలేదు. "అప్పుడు నాకు దారి లేదు. నీకు ఫోనుంది. ఒళ్లు నీది, నోరూ నీదే. రేపు నేను పక్కనే కూర్చుంటా."

సోమవారం పొద్దున్నే జెమీమా తమ డాక్టరు క్లినిక్కుకు ఫోన్ చేసింది. నర్సు పలకగానే అలవాటు మాట నాలుక చివరికొచ్చింది. మింగేసింది. వాటర్ కమింగ్, ఆల్ టైమ్, ఆఫ్టర్ బేబీ, ఐ నాట్ స్టాప్ అంది. అవతల నర్సు ఓపిగ్గా విని, ఇది నీ తప్పు కాదమ్మా, బాగుచేయగలిగిందే, నీళ్లు బాగా తాగి రెండింటికి రమ్మంది. అప్పటిదాకా పక్కనే కూర్చున్న హవా ఆంటీ లేచి డ్యూటీకి వెళ్లిపోయింది.

ఇక విక్టర్‌కు తెలుగులో చెప్పాలి. అదే కష్టమైంది. చిన్న గది తలుపు బయట నిలబడి, గోడకు చెబుతున్నట్టు మొత్తం చెప్పేసింది. తలుపు తెరుచుకుంది. విక్టర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒక కాలికి అప్పటికే బూటు తొడిగి ఉంది.

"రెండింటికా? పాపను నేనెత్తుకుంటాను. నువ్వు నెమ్మదిగా మెట్లు దిగు."